ఊరి రంగస్థలం మీద షికాగో గ్యాంగ్‌స్టర్లు



1930ల మొదట్లో ఒక రాత్రి లాస్ ఏంజెలెస్‌లో ఒక హోటల్ గదికి ఇద్దరు మనుషులు వచ్చారు. గదిలో ఉన్నది బెన్ హెక్ట్. షికాగో పత్రికల్లో విలేకరిగా పేరు తెచ్చుకుని, సినిమా కథలు రాయడానికి హాలీవుడ్ చేరిన మనిషి. వచ్చిన ఇద్దరూ షికాగో ముఠా నాయకుడు అల్ కపోన్ మనుషులు. వాళ్ల చేతిలో హెక్ట్ రాసిన 'స్కార్‌ఫేస్' స్క్రిప్టు ఉంది. ఇది మా బాస్ కథేనా అని అడిగారు. కాదన్నాడు హెక్ట్. షికాగోలో తనకు తెలిసిన వేరే రౌడీల పేర్లు కొన్ని చెప్పి, ఇది వాళ్ల కథ అన్నాడు. మరి పేరు స్కార్‌ఫేస్ అని ఎందుకు పెట్టావు, ముఖం మీద గాటు ఉన్నది మావాడికే కదా అని నిలదీశారు. హెక్ట్ తడుముకోలేదు. మీ బాస్ పేరంటే దేశమంతా చెవి కోసుకుంటుంది, ఆ పేరు చూసి జనం టిక్కెట్లు కొంటారు, ఇదంతా వ్యాపార కిటుకు అన్నాడు. వాళ్లకు ఆ జవాబు బాగా నచ్చింది. మరి ఈ హొవార్డ్ హ్యూస్ ఎవరు అని అడిగారు. హ్యూస్ ఆ సినిమా నిర్మాత. వాడిదేముంది, డబ్బు పోసే అమాయకుడు అన్నాడు హెక్ట్. దాంతో వచ్చినవాళ్లు శాంతించి వెళ్లిపోయారు.

హెక్ట్ ఈ సంగతిని 1954లో వచ్చిన తన ఆత్మకథ 'ఎ చైల్డ్ ఆఫ్ ద సెంచరీ'లో చెప్పుకున్నాడు. కథ చెప్పడంలో చెయ్యి తిరిగినవాడు కాబట్టి తన వంతు మెరుగులు దిద్దే ఉంటాడు. అది అలా ఉంచి, ఆ గదిలో నవ్వు ఎక్కడ పుట్టిందో చూడండి. వచ్చినవాళ్లు నిజంగా చంపగలరు. అడిగేవాడికీ జవాబు చెప్పేవాడికీ ఆ సంగతి తెలుసు. ఆ భయం తీసేస్తే మిగిలేది ఒక సినిమా పేరు గురించి ముగ్గురు మనుషులు మాట్లాడుకోవడం, అంతే. అందులో నవ్వడానికేమీ లేదు.

అమెరికాలో కమ్యూనిటీ థియేటర్లని ఉంటాయి. మన నాటక సమాజాల వంటివే. పగలు బ్యాంకులోనో బడిలోనో ఆసుపత్రిలోనో పనిచేసేవాళ్లు సాయంత్రాలు ఒకచోట చేరి రిహార్సల్స్ చేసుకుని, ఊరివాళ్ల ముందు నాటకం వేస్తారు. పాత హాలీవుడ్ మీద, ఆనాటి గ్యాంగ్‌స్టర్ల మీద వచ్చిన హాస్యనాటకాలంటే ఈ సమాజాలకు మహా ఇష్టం. ఆ ఇష్టానికి కారణమేమిటో, ఆ నాటకాలు ఎప్పుడు పండుతాయో, ఎప్పుడు చప్పగా తేలిపోతాయో ఈ వేళ మీతో పంచుకోవాలని ఉంది.

ముందు ఆ సమాజాల గురించి ఒక మాట. బోస్టన్‌లో జమైకా ప్లెయిన్ అనే పేటలో ఫుట్‌లైట్ క్లబ్ ఉంది. 1877లో పుట్టింది, ఇప్పటికీ నాటకాలు వేస్తూనే ఉంది. 1912 ప్రాంతంలో షికాగోలో, బోస్టన్‌లో చిన్న థియేటర్ల ఉద్యమం మొదలై దేశమంతా పాకింది. నెబ్రాస్కా రాష్ట్రంలో ఒమహా అనే ఊరుంది. 1925లో అక్కడి కమ్యూనిటీ ప్లేహౌస్‌లో ఒక వేషానికి కుర్రాడు కావలసి వచ్చాడు. ఆ సమాజంలో చురుగ్గా ఉండే డోడీ బ్రాండో అనే ఆవిడ, తమకు తెలిసిన కుటుంబంలోని ఇరవై ఏళ్ల అబ్బాయిని వచ్చి ప్రయత్నించమని పిలిచింది. ఆ అబ్బాయి పేరు హెన్రీ ఫోండా. ఆమె ఇంట్లో అప్పటికి పసిబిడ్డగా ఉన్నవాడు మార్లన్ బ్రాండో. అమెరికా సినిమా చరిత్రలో రెండు పెద్ద పేర్లకు ఒక ఊరి నాటక సమాజంతో ఇంత దగ్గరి చుట్టరికం ఉంది. హాలీవుడ్‌కు కూతవేటు దూరంలోనే పసడీనా ప్లేహౌస్‌ను 1917లో గిల్మర్ బ్రౌన్ మొదలుపెట్టాడు. సినిమాకు మాటలు వచ్చాక, నోరు తిరిగిన నటుల కోసం స్టూడియోల వాళ్లు అక్కడికి వెళ్లి నాటకాలు చూసేవారు. కాబట్టి ఊరి సమాజం పాత హాలీవుడ్‌ను ఆటపట్టిస్తోందంటే, ఎదిగిపోయిన కూతుర్ని పుట్టిల్లు మేలమాడినట్టుంటుంది. అందులో ప్రేమ ఉంది, చనువూ ఉంది.

మళ్లీ బెన్ హెక్ట్ దగ్గరికి వద్దాం. హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్ సినిమాకు రూపం ఇచ్చినవాళ్లలో ఈయన ముఖ్యుడు. 1927లో 'అండర్‌వరల్డ్' అనే సినిమాకు కథ ఇచ్చాడు. 1929లో ఆస్కార్ బహుమతులు మొట్టమొదటిసారి పంచినప్పుడు కథా బహుమతి దానికే వచ్చింది. 1932లో 'స్కార్‌ఫేస్' విడుదలైంది. ఆ సినిమాకు రోజుకు వెయ్యి డాలర్ల చొప్పున, ఏ రోజుది ఆ రోజు సాయంత్రం, నగదుగా చేతిలో పెట్టించుకున్నానని రాసుకున్నాడు. అదే మనిషి 1939లో ఇంకో గదిలో చిక్కుకున్నాడు. ఆ గది మీద తర్వాత ఒక నాటకం వచ్చింది. పేరు 'మూన్‌లైట్ అండ్ మాగ్నోలియాస్'. రాసినవాడు ఉత్తర ఐర్లండ్‌లో పుట్టిన రాన్ హచిన్‌సన్. 2004లో షికాగోలోని గుడ్‌మన్ థియేటర్‌లో మొదట ఆడింది. ఆ తర్వాత ఎన్ని చిన్న సమాజాలు దాన్ని అందుకున్నాయో చెప్పలేం.

కథ ఇది. నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ 'గాన్ విత్ ద విండ్' తీస్తున్నాడు. మూలం వెయ్యి పేజీలు దాటిన నవల. షూటింగు మొదలైన మూడు వారాలకే స్క్రిప్టు బాగాలేదని ఆపేశాడు. దర్శకుడు జార్జ్ క్యూకర్‌ను తీసేసి, 'విజర్డ్ ఆఫ్ ఆజ్' చేస్తున్న విక్టర్ ఫ్లెమింగ్‌ను అక్కడి నుంచి లాక్కొచ్చాడు. స్క్రిప్టు తిరగరాయడానికి హెక్ట్‌ను పిలిచాడు. హెక్ట్ ఆ నవల చదవనేలేదు. చదివే వ్యవధి కూడా లేదు. కాబట్టి నిర్మాతా దర్శకుడూ ఒక్కొక్క సన్నివేశం నటించి చూపిస్తుంటే, ఈయన టైపు కొట్టాలి. ఇంతవరకూ హెక్ట్ చెప్పిన చరిత్రే. వారం రోజులు పట్టిందని ఆయన రాసుకున్నాడు, నాటకం దాన్ని ఐదు రోజులకు కుదించింది. తిండి ఎక్కువైతే బుర్ర మందగిస్తుందని సెల్జ్‌నిక్ నమ్మకం. అందుకని అరటిపళ్లు, ఉప్పు వేసిన వేరుశనగ పలుకులు తప్ప ఏమీ పెట్టలేదు. నాలుగో రోజున ఫ్లెమింగ్ కంట్లో నరం చిట్లిందనీ, ఐదో రోజున సెల్జ్‌నిక్ అరటిపండు నములుతూనే సోలిపోయాడనీ హెక్ట్ చెబుతాడు.

నాటకంలో నలుగురే పాత్రధారులు. ముగ్గురు మగవాళ్లు, ఒక సెక్రటరీ. ఒకటే సెట్టు, నిర్మాత ఆఫీసు గది. డబ్బు తక్కువున్న సమాజానికి ఇంతకంటే ఏం కావాలి! అయితే చూసినంత సులువు కాదు. తెర లేచేసరికి ఆ గది అద్దంలా ఉండాలి. చివరికి ఉండలు చుట్టిన కాగితాలు, అరటితొక్కలు, పలుకుల పొట్టు కలిసి మోకాలి లోతు చెత్త కావాలి. మర్నాడు మళ్లీ అద్దంలా ఉండాలి. ఈ పని చేసేది నాటకంలో వాడే సామాను చూసే వ్యక్తి. అరటిపళ్లు ఏ రోజుకారోజు సరిగ్గా పండి ఉండాలి. పచ్చిగా ఉంటే తొక్క ఒలవడానికి రెండు క్షణాలు ఎక్కువ పడుతుంది, డైలాగు లయ తప్పుతుంది. బాగా మగ్గితే చేతిలోనే చితుకుతుంది. ఉప్పు పలుకులు నమిలితే గొంతు ఆరిపోతుంది, ఆరిన గొంతుతో పెద్ద డైలాగు వదలాలి. అందుకే మంచి దర్శకుడు మొదటి రిహార్సల్ నుంచే నిజం పళ్లతో, నిజం పలుకులతో ఆడిస్తాడు. ఎక్కడ కొరకాలి, ఎక్కడ మింగాలి, ఎక్కడ నోట్లో ఉంచుకుని మాట్లాడాలి అన్నది స్క్రిప్టులో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటారు. ప్రేక్షకుడు నవ్వుతూ గమనించడు గాని, ఆ నవ్వు వెనక ఉన్న కష్టం అంతా ఇంతా కాదు.

ఫ్లెమింగ్ పాత్ర నేల మీద పడి నవలలోని మెలనీ ప్రసవవేదన నటిస్తాడు. సెల్జ్‌నిక్ నవలా నాయిక స్కార్లెట్ అవుతాడు. ఇద్దరు పెద్దమనుషులు సూట్లలో ఆడవాళ్ల పాత్రలు పట్టుకుని ఉరుకులు పరుగులు పెడుతుంటే హాలు గొల్లుమంటుంది. కానీ ఆ నాటకాన్ని నేను గౌరవించేది వేరే చోట. స్కార్లెట్ తన నల్లజాతి పనిపిల్ల ప్రిస్సీని చెంపదెబ్బ కొట్టే సన్నివేశం దగ్గర హెక్ట్ ఆగిపోతాడు. ఇది ఎలా రాయను అంటాడు. బానిసత్వాన్ని వెన్నెల్లో ముంచి చూపిస్తున్నాం కదా అని అడుగుతాడు. నువ్వూ నేనూ యూదులం, ఈ దేశం మనల్ని తనవాళ్లుగా అనుకుంటోందా అని సెల్జ్‌నిక్‌ను పట్టుకుంటాడు. 1939లో, యూరప్ మీద హిట్లర్ నీడ పరుచుకుంటున్న రోజుల్లో వేసిన ప్రశ్న అది. కొన్ని సమాజాలు ఈ భాగాన్ని గబగబా దాటించేస్తాయి, నవ్వులకు అడ్డమని. అది పెద్ద పొరపాటు. హెక్ట్ అక్కడ ఆగితేనే తక్కిన గందరగోళానికి బరువు వస్తుంది.

ఈ గదిలో తుపాకీ లేదు. కానీ భయం ఉంది. సెల్జ్‌నిక్ తండ్రి లూయిస్ సెల్జ్‌నిక్ కూడా సినిమా నిర్మాతే, 1923లో దివాలా తీశాడు. మామ లూయీ బి. మేయర్ ఎంజీఎమ్ స్టూడియో అధిపతి. హీరో క్లార్క్ గేబుల్‌నూ, పెట్టుబడిలో పన్నెండున్నర లక్షల డాలర్లనూ ఆ ఎంజీఎమ్ నుంచే తెచ్చుకుని, బదులుగా లాభాల్లో సగం రాసిచ్చాడు. సినిమా పోతే తండ్రిలాగే రోడ్డున పడాలి, మామ ముందు తలదించుకోవాలి. ఆ పాత్ర వేసే నటుడికి, వాడు ఆ ఊళ్లో పళ్ల డాక్టరే అయినా, ఈ సంగతి తెలిసి ఉండాలి. తెలిస్తే అరటిపండు పట్టుకున్న చెయ్యి వణుకుతుంది. ఆ వణుకు చూసే మనం నవ్వుతాం.

తుపాకీ ఉన్న నాటకం కావాలంటే 'షుగర్' ఉంది. 1972లో బ్రాడ్‌వేకి వచ్చిన సంగీత నాటకం. పీటర్ స్టోన్ రచన, జూలీ స్టైన్ సంగీతం, బాబ్ మెరిల్ పాటలు. దీనికి మూలం 1959లో బిల్లీ వైల్డర్ తీసిన 'సమ్ లైక్ ఇట్ హాట్', మార్లిన్ మన్రో, టోనీ కర్టిస్, జాక్ లెమన్ నటించిన సినిమా. ఇద్దరు వాద్యగాళ్లు షికాగోలో హత్యాకాండ కళ్లారా చూస్తారు. ప్రాణాలు దక్కించుకోవడానికి ఆడవేషం వేసుకుని, ఆడవాళ్ల బ్యాండులో చేరి ఫ్లోరిడా పారిపోతారు.

ఈ కథకు వెనక కథ ఒకటుంది. వైల్డర్‌కంటే ముందే 1935లో ఫ్రాన్సులోనూ, 1951లో జర్మనీలోనూ ఈ కథ సినిమాగా వచ్చింది. వాటిల్లో వాద్యగాళ్లు పని దొరక్క వేషాలు మారుస్తారు. గ్యాంగ్‌స్టర్లు లేనేలేరు. వైల్డర్, ఆయన సహరచయిత ఐ.ఎ.ఎల్. డైమండ్ ఆ కారణం చాలదనుకున్నారు. పని దొరక్క వేసిన వేషం ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చు. తీస్తే చచ్చిపోతామన్నప్పుడే వేషం ఒంటికి అంటుకుంటుంది. అందుకని 1929 ఫిబ్రవరి 14న షికాగోలో నిజంగా జరిగిన ఘోరాన్ని కథలోకి తెచ్చారు. ఆ రోజు ఒక గరాజులో ఏడుగుర్ని గోడకు నిలబెట్టి మెషిన్‌గన్లతో కాల్చి చంపారు. అంత రక్తపాతంతో మొదలయ్యే కామెడీ నడుస్తుందా అని భయపడకుండా రాసుకున్నారు. నా దృష్టిలో హాస్యరచన నేర్చుకునేవాళ్లకు దీన్ని మించిన పాఠం లేదు.

మనకు ఆడవేషం కొత్త కాదు. బాపట్లలో పుట్టి తెనాలి రామ విలాస సభలో వెలిగిన స్థానం నరసింహారావుగారిని ఎరగని తెలుగు నాటకాభిమాని ఉండడు. ఆయన సత్యభామగా వస్తే ఎదుట ఉన్నది మగవాడన్న సంగతి జనం మరిచిపోయేవారట. 'షుగర్'లో వ్యవహారం దానికి పూర్తిగా ఎదురు. అక్కడ ప్రేక్షకుడు ఒక్క క్షణం కూడా మరిచిపోకూడదు. స్కర్టు కింద వెంట్రుకల కాళ్లు, ఎత్తు మడమల చెప్పుల మీద తూలే నడక, గొంతు జారి మగగొంతు బయటపడబోయే క్షణం కనపడుతూనే ఉండాలి. స్థానంవారిది అందం మీద నిలిచిన కళ. ఇది ఎక్కడ పట్టుబడిపోతారోనన్న గుబులు మీద నిలిచింది. ఊరి సమాజంలో ఈ వేషం వేసే మనిషికి తొందరపాటు ఒకటి ఉంటుంది. తనను ఎరిగిన ప్రేక్షకుల వైపు చూసి కన్ను గీటాలనిపిస్తుంది, ఇదిగో చూడండి నేనే అని. ఆ ఒక్క కన్నుగీటుతో గ్యాంగ్‌స్టర్ చచ్చిపోతాడు, నాటకమూ చచ్చిపోతుంది.

ఇక గ్యాంగ్‌స్టర్ వేషం సంగతి. ఆ పాత్ర పేరు స్పాట్స్. బూట్ల మీద తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకుంటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. సినిమాలో ఆ పాత్ర వేసింది జార్జ్ రాఫ్ట్. 'స్కార్‌ఫేస్'లో నాణెం ఎగరేస్తూ నిలబడే అంగరక్షకుడిగా పేరుపొందినవాడు. న్యూయార్కు వీధుల్లో పెరిగి, అసలు రౌడీలతో పరిచయాలున్నవాడు. 'సమ్ లైక్ ఇట్ హాట్'లో ఒక కుర్ర రౌడీ నాణెం ఎగరేస్తుంటే, ఈ చవకబారు అలవాటు ఎక్కడ నేర్చావని రాఫ్ట్ మందలిస్తాడు. నేర్పినవాడు తనే! ఇరవై ఏడేళ్ల కిందటి తన వేషాన్ని తనే ఆటపట్టించుకున్నాడు. సినిమా గ్యాంగ్‌స్టర్ అంటే మనకు తెలిసిన భంగిమలు, ఆ టోపీ, ఆ చారల సూటు, చేతిలో తుపాకీ దాచిన వయొలిన్ పెట్టె, ఇవన్నీ సినిమావాళ్లు కుట్టి మనకు తొడిగినవే. అందుకే నెబ్రాస్కాలోనో ఒహాయోలోనో ఒక లెక్కల మాస్టారు టోపీ కిందికి లాగి ఒక్క చూపు చూస్తే హాలంతా గుర్తుపడుతుంది. ఆ చూపు కోసం అమెరికాలో ఎవరికీ శిక్షణ అక్కర్లేదు, చిన్నప్పటి నుంచీ చూసిందే.

శిక్షణ కావలసింది కదలకుండా నిలబడడానికి. మాస్టారు అరవకూడదు. చేతులు ఊపకూడదు. మెల్లగా, మర్యాదగా మాట్లాడాలి. అరుపు లేకుండానే భయం పుట్టించడానికి ఇంకో దారీ ఉంది. 'షుగర్' మొదటి ప్రదర్శనలో స్పాట్స్ పాత్రకు స్టీవ్ కాండోస్ అనే పేరున్న ట్యాప్ నర్తకుణ్ణి తీసుకున్నారు. బూటు అడుగున లోహపు పలకలతో నేలను కొట్టే నాట్యం అది. రేడియో వినే మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఆ చప్పుడు వేగం అందుకుంటే మెషిన్‌గన్ గుర్తుకు వచ్చి తీరుతుంది. ఒక నర్తకుడి పాదాల్లోంచి చావు వినిపించాలనుకున్న ఆలోచనకు నేను చేతులెత్తి మొక్కుతాను.

హాలీవుడ్‌లో నిజం గ్యాంగ్‌స్టర్లు ఉండేవారా అని మీరు అడగొచ్చు. ఉండేవారు. రంగస్థల, సినిమా కార్మికుల యూనియన్‌కు 1934లో జార్జ్ బ్రౌన్ అధ్యక్షుడయ్యాడు, షికాగో ముఠా అండతో. అతని పక్కన విల్లీ బయోఫ్ అనేవాడు చేరాడు. సమ్మె చేయిస్తామని బెదిరించి పెద్ద స్టూడియోల దగ్గర ఏడాదికి యాభై వేల డాలర్లు, చిన్నవాటి దగ్గర పాతిక వేలు వసూలు చేశారు. 1941లో ఇద్దరికీ శిక్ష పడింది. 1943లో ముఠా పెద్దల మీద కేసు వచ్చిన రోజుల్లోనే కపోన్ వారసుడు ఫ్రాంక్ నిట్టీ తనను తాను కాల్చుకున్నాడు. స్టూడియోలు గ్యాంగ్‌స్టర్ సినిమాలు తీసి డబ్బు గడిస్తుంటే, ఆ డబ్బులోంచి గ్యాంగ్‌స్టర్లు వాటా తీసుకున్నారు. నష్టపోయింది ఎవరంటే లైట్లు మోసేవాళ్లు, సెట్లు కట్టే వడ్రంగులు. ఆ యూనియన్ వాళ్లది కదా, వాళ్ల జీతాల్లోంచి కూడా కోతలు పెట్టారు. ఈ నాటకాలు ఆడే సమాజాల్లో సెట్టు కొట్టే వడ్రంగి, లైట్లు వేసే కుర్రాడు జీతం లేకుండా పనిచేస్తారు. కార్యక్రమ పత్రంలో ఈ చరిత్రకు నాలుగు వాక్యాలు కేటాయిస్తే వాళ్ల పనికి గౌరవం ఇచ్చినట్టవుతుందని నాకనిపిస్తుంది.

ఈ మాటలన్నీ చెబుతుంటే నా మనసు మద్రాసు మీదికి పోతుంది. మన తెలుగు సినిమాకూ ఇలాంటి గదులున్నాయి. కోడంబాకం, టి.నగర్ హోటళ్లలో నిర్మాతా, దర్శకుడూ, రచయితా కూర్చుని రోజుల తరబడి కథాచర్చలు చేసేవారు. కాఫీల మీద కాఫీలు, సిగరెట్లు, ఒకరు నటించి చూపిస్తే ఇంకొకరు కాదనడం, తెల్లారితే షూటింగు. అప్పు ఇచ్చిన ఫైనాన్షియరు కబురు పంపుతుంటాడు. ఈ గది మీద ఒక పూర్తి నిడివి హాస్యనాటకం చూడాలని నాకెంతో కోరిక. నలుగురు నటులు, ఒకటే సెట్టు. నాటక పరిషత్తు పోటీలకు సరిగ్గా సరిపోయే కొలత. మన సమాజాల్లో పగలు ఉద్యోగం చేసి రాత్రి ముఖానికి రంగు వేసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ రోజుల్లో అలాంటి గదుల్లో కూర్చున్న సహాయ దర్శకులు, రచయితల శిష్యులు కొందరు మన మధ్యే ఉన్నారు. రాయగలిగిన యువ రచయితలు వాళ్ల దగ్గరికి వెళ్లి, ఆ ఫైనాన్షియరు కబురు వచ్చినప్పుడు గదిలో ఎవరి ముఖం ఎలా మారిందో ముందుగా అడిగి తెలుసుకోవాలి. నాటకం అక్కడి నుంచే మొదలుపెట్టండి.